ఫీజు లేదు సరే, బతికేదెలా? శిల్పి అగస్టా సావేజ్ చదువు కథ

1923లో న్యూయార్క్‌లో ఉంటున్న ఒక నల్లజాతి విద్యార్థినికి ఆమె కట్టిన 35 డాలర్ల డిపాజిట్ తిరిగొచ్చింది. ఫ్రాన్స్‌లో పారిస్‌కు దగ్గర ఫోంటెన్‌బ్లో అనే చోట పాత రాజభవనం ఉంది. అందులో అమెరికా విద్యార్థుల కోసం కొత్తగా వేసవి ఆర్ట్ స్కూలు పెడుతున్నారు. వంద మంది యువతులను తీసుకుంటామన్నారు. ఆమె అప్లికేషన్ పెట్టింది, డబ్బు కట్టింది. సిఫారసు ఉత్తరాలు జతచేయలేదు కాబట్టి సీటు లేదన్నారు. అది పైకి చెప్పిన మాట. అసలు సంగతి కొద్ది రోజుల్లోనే బయటపడింది. అలబామా నుంచి ఎంపికైన తెల్ల అమ్మాయిలు ఈమెతో ఒకే ఓడలో ప్రయాణించాలి, ఒకే కప్పు కింద పడుకోవాలి, ఒకే బల్ల దగ్గర తినాలి. అది వాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని ఎంపిక కమిటీ ముందే ఊహించుకుంది. కమిటీలో ఉన్నవాళ్లు పేరున్న కళాకారులు, ఆర్కిటెక్టులు. అందరూ తెల్లవాళ్లే.

ఆ విద్యార్థిని అగస్టా సావేజ్. ఒకే పంక్తిలో కూర్చోవడం, ఒకే గదిలో ఉండడం ఎందుకు ఇబ్బందో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కులం అన్న మాట తెలియని దేశంలో కూడా ఆ పని అదే పద్ధతిలో జరిగింది. అయితే ఈ కథలో మనం ఆగి చూడాల్సింది అవమానం ఒక్కటే కాదు. ఆమె ఎలా చదువుకుంది, ఏం తిని చదువుకుంది, ఎన్ని సార్లు సీటు వచ్చీ వెళ్లలేకపోయింది, ఆ తర్వాత ఎంతమందిని చదివించింది అనేవి కూడా చూడాలి. మన హాస్టళ్లలో ఉండి చదువుతున్న పిల్లలకు ఈ లెక్కలన్నీ బాగా పరిచయం.

అగస్టా 1892 ఫిబ్రవరి 29న ఫ్లోరిడా రాష్ట్రంలోని గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్‌లో పుట్టింది. ఇంటిపేరు ఫెల్స్. పద్నాలుగు మంది పిల్లల్లో ఏడోది. ఆ ఊళ్లో ఇటుకలకు పనికొచ్చే ఎర్ర బంకమట్టి దొరికేది. పిల్ల ఆ మట్టితో బాతులూ కోళ్లూ చేసేది. తండ్రి ఎడ్వర్డ్ ఫెల్స్ మెథడిస్టు పాస్టరు, పేదవాడు. బొమ్మలు చేయడం విగ్రహారాధనతో సమానమని, పాపమని ఆయన నమ్మకం. అందుకని వారంలో నాలుగైదు సార్లయినా కూతుర్ని కొట్టేవాడు. ఆమె దొంగచాటుగా చేస్తూనే ఉండేది.

పదిహేనేళ్లకే పెళ్లయింది. మరుసటేడు, 1908లో, ఐరీన్ అనే కూతురు పుట్టింది. కొన్నేళ్లకే భర్త చనిపోయాడు. 1915 ప్రాంతంలో కుటుంబమంతా దక్షిణంగా వెస్ట్ పామ్ బీచ్‌కు మారింది. అది సముద్రపు ఒడ్డు, ఇసుక నేల. బంకమట్టి లేదు. కొంతకాలం చేతులు ఖాళీ. చివరికి ఒక కుమ్మరి దగ్గర బతిమాలి కొంత మట్టి తెచ్చుకుంది. దాంతో మేరీమాత బొమ్మ చేసింది. ఆ బొమ్మ చూశాక తండ్రి కొట్టడం మానేశాడు. బొమ్మ పాపమన్న మనిషిని ఇంకో బొమ్మతోనే ఒప్పించింది.

ఆమె చేతిపని చూసిన స్కూలు ప్రిన్సిపాల్ తోటి పిల్లలకు మట్టిబొమ్మలు నేర్పమని రోజుకు ఒక డాలరు ఇచ్చాడు. ఆమె తీసుకున్న మొదటి జీతం టీచరుగానే. ఇది గుర్తుపెట్టుకుందాం, చివర్లో పనికొస్తుంది. 1919లో జిల్లా సంతలో తన బొమ్మలు పెట్టి అమ్మింది, 25 డాలర్ల బహుమతి గెలిచింది. సంత నిర్వాహకుడు జార్జ్ గ్రాహం కరీ అనే తెల్లాయన న్యూయార్క్ వెళ్లి చదువుకొమ్మని చెప్పాడు. అక్కడ తనకు తెలిసిన శిల్పి సొలన్ బోర్గ్లమ్‌కు ఉత్తరం రాసిచ్చాడు.

1921లో ఆమె న్యూయార్క్‌లో దిగేటప్పటికి చేతిలో ఉన్నవి 4 డాలర్ల 60 సెంట్లు. కూతుర్ని ఫ్లోరిడాలో తల్లిదండ్రుల దగ్గర వదిలి వచ్చింది. అప్పటికి ఆమె వయసు 29. రెండో పెళ్లి నుంచి మిగిలింది సావేజ్ అనే ఇంటిపేరు మాత్రమే, దాన్నే చివరిదాకా ఉంచుకుంది.

బోర్గ్లమ్ నడిపే స్కూల్లో ఫీజు ఎక్కువ. ఆ స్కూలుకు వచ్చేది డబ్బున్న ఇళ్ల ఆడపిల్లలు. ఈమె కట్టలేదని ఆయనకు అర్థమైంది. కూపర్ యూనియన్‌కు వెళ్లమని ఇంకో ఉత్తరం రాసిచ్చాడు. కూపర్ యూనియన్ న్యూయార్క్ నడిబొడ్డున, మన్‌హటన్ దిగువ భాగంలో, 1859లో పీటర్ కూపర్ అనే పారిశ్రామికవేత్త పెట్టిన విద్యాసంస్థ. సరైన బడి చదువు లేని మనిషాయన. చదువు గాలిలాగా నీళ్లలాగా అందరికీ ఉచితంగా దొరకాలన్నది ఆయన పట్టుదల. అందుకే అక్కడ ఫీజు ఉండేది కాదు. రాత్రి క్లాసులు ఉండేవి, కూలి పనులు చేసుకునేవాళ్లు వచ్చి చదువుకునేవాళ్లు. ఆడవాళ్లకు వేరుగా ఆర్ట్ స్కూలు ఉండేది.

ఫీజు లేని చోట క్యూ పొడుగ్గా ఉంటుంది. సీటు కోసం 142 మంది ఎదురుచూస్తున్నారు. అగస్టా తను చేసిన ఒక తల బొమ్మ చూపించింది. ఆ అక్టోబరులోనే సీటిచ్చారు. మెరిట్ అనే మాటను మన మీద రాయిలా విసురుతుంటారు కదా, ఆ 142 మందినీ దాటించింది మెరిటే. రెండేళ్ల తర్వాత ఫోంటెన్‌బ్లో దగ్గర అదే మెరిట్ ఎందుకు పనికి రాలేదో మెరిట్ వాదులు చెప్పాలి.

అప్పటి ఆర్ట్ స్కూళ్లలో శిల్పం చదువు ఎలా ఉండేదో కొంచెం చెప్పుకుందాం. ఎందుకంటే ఈ చదువు పుస్తకాలతో అయ్యేది కాదు, ఒళ్లు వంచి చేసేది. మొదట బొమ్మ గీయడం. గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ నకళ్లు గదిలో పెట్టి ఉంటాయి. చెవి, ముక్కు, పాదం, చెయ్యి ఒక్కోటి వేరు వేరుగా గీయాలి, తర్వాత మట్టిలో చేయాలి. అది కుదిరాక బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని చేయడం. ఎముక ఎక్కడ ముగుస్తుంది, కండ ఎక్కడ మొదలవుతుంది, మెడ తిప్పితే భుజం ఎలా మారుతుంది, ఇవన్నీ చేత్తో తెలుసుకోవాలి. తడి మట్టి తన బరువుకు తనే కూలిపోతుంది. అందుకని లోపల ఇనప కడ్డీలతో, తీగలతో చట్రం కట్టి దాని మీద మట్టి ఎక్కిస్తారు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు తడిగుడ్డ కప్పి వెళ్లాలి. ఒక్కరోజు మర్చిపోతే ఆరి పగిలిపోతుంది.

మట్టి బొమ్మ పూర్తయితే కథ సగమే అయినట్టు. దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీయాలి. లోపలి మట్టిని తవ్వి పారేసి, ఆ ఖాళీలో మళ్లీ ప్లాస్టర్ పోసి, పైన అచ్చును జాగ్రత్తగా పగలగొడితే లోపల తెల్లటి బొమ్మ బయటపడుతుంది. అది పెళుసు, కిందపడితే ముక్కలే. నిలవాలంటే కంచు పోత పోయించాలి. కంచు పోతకు ఫౌండ్రీ కావాలి, ఫౌండ్రీకి డబ్బు కావాలి. అగస్టా సావేజ్ జీవితమంతా ఈ మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆమె చేసినవాటిలో కంచులోకి వెళ్లినవి కొన్నే. ఎక్కువ భాగం ప్లాస్టర్ దగ్గరే ఉండిపోయాయి, పైన కంచులా కనిపించే రంగు పూసుకొని. చాలావరకు ఇవాళ లేవు.

నాలుగేళ్ల కోర్సును మూడేళ్లలో పూర్తి చేసింది. అదీ ఎలా? చేరిన కొద్ది నెలలకే కష్టం వచ్చింది. ఒక అపార్ట్‌మెంట్ భవనాన్ని చూసుకునే పని చేస్తూ చదువుతుండేది, ఆ పని పోయింది. అద్దె లేదు, తిండి లేదు. చదువు మానేసి వెళ్లిపోవడమే మిగిలింది. అప్పుడు కూపర్ యూనియన్ రిజిస్ట్రారు కేట్ రెనాల్డ్స్ పట్టించుకుంది. తాత్కాలికంగా పని చూపించింది, సలహా మండలి ముందు విషయం పెట్టింది. 1922 ఫిబ్రవరిలో మండలి ఆమె గది అద్దె, భోజనం ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. ఆ సంస్థ ఒక విద్యార్థి బతుకు ఖర్చు కూడా పెట్టుకోవడం అదే మొదటిసారి.

ఈ ఒక్క నిర్ణయం గురించి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది మాకు. ఫీజు మాఫీ చేశాం కదా, ఇంకేం కావాలి అనే వాదన ఎప్పుడూ వింటున్నదే. రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఖాతాలో పడుతుంది. పిల్ల కడుపులో పడదు. మెస్ బిల్లు, బస్సు చార్జీ, పుస్తకాలు, ఇంటి దగ్గర అమ్మ మందులు ఏ జీవోలోకీ ఎక్కవు. ఫైన్ ఆర్ట్స్ చదివే మన పిల్లల్ని అడిగితే ఇంకో లెక్క చెబుతారు. రంగులు, కాన్వాసు, కాగితం, ప్లాస్టర్, ఫైబర్, చివరి ఏడాది ప్రదర్శనకు ఫ్రేములు. పక్కనున్న అబ్బాయి నాలుగు అడుగుల కాన్వాసు వేస్తుంటే నువ్వు కాగితం మీద చిన్నది వేసి ఇస్తావు. మార్కులు వేసేవాడికి సైజు కనిపిస్తుంది, కారణం కనిపించదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ ఇదే న్యూయార్క్‌లో 1913లో దిగారు. ఆయన చదివిన కొలంబియా యూనివర్సిటీకి, తర్వాత అగస్టా బతికిన హార్లెమ్‌కు మధ్య దూరం నడిచి వెళ్లేంత. బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లలోనే తినాలి, చదవాలి, ఇంటికి పంపాలి. ఆ స్కాలర్‌షిప్ గడువు ముగిసిందని 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి ఆయన వెనక్కి రావాల్సి వచ్చింది. ఇక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ఫెలోషిప్ ఆగిపోయిన నెలల గురించి, వెలివాడ గురించి ఇక్కడ మళ్లీ రాయం. చదివేవాళ్లకు తెలుసు.

తిరిగి 1923కు వెళ్దాం. డిపాజిట్ తిరిగొచ్చాక అగస్టా ఊరుకోలేదు. పత్రికలకు ఎక్కింది. న్యూయార్క్ వరల్డ్ పత్రికకు ఉత్తరం రాసింది. దాని సారాంశం ఇది: యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లి పోరాడటానికి తన అన్నదమ్ముడు పనికొచ్చాడు. అతను ఎవరి కోసం పోరాడాడో ఆ దేశానికి అతిథిగా వెళ్లడానికి అతని తోబుట్టువు పనికిరాదట. మిగతా అమెరికన్ కళాకారులకు ఇచ్చే అవకాశం తనకు ఇవ్వకుండా వాళ్లతో పోటీ పడమంటే ఎలా పడుతుందని అడిగింది. ఇదంతా తన ఒక్కదాని సీటు కోసం కాదని కూడా చెప్పింది. తను నోరు మూసుకుంటే రేపు అప్లికేషన్ పెట్టే నల్లజాతి పిల్లలకు కూడా ఇదే జరుగుతుందని ఆమె భయం.

చాలామంది మద్దతుగా మాట్లాడారు. వార్త దేశమంతా తిరిగింది. కమిటీ మాత్రం మారలేదు. అందులో ఒక్క శిల్పి, హెర్మన్ మెక్‌నీల్, సిగ్గుపడ్డాడు. ఆయన అప్పటికే పేరున్నవాడు. అమెరికా 25 సెంట్ల నాణెం మీద నిలుచున్న స్వేచ్ఛామూర్తి బొమ్మ ఆయన చేసిందే. కాలేజ్ పాయింట్‌లోని తన స్టూడియోకు వచ్చి తన దగ్గర నేర్చుకొమ్మని పిలిచాడు. ఆమె వెళ్లింది. స్వేచ్ఛామూర్తిని నాణెం మీద చెక్కిన మనిషి కూడా కమిటీ గదిలో ఓటుతో గెలవలేకపోయాడు. తన ఇంటి తలుపు మాత్రం తెరిచాడు. మంచి మనసున్న ఒకరిద్దరి చాటున బతకాల్సి రావడం, వ్యవస్థ మాత్రం అలాగే ఉండిపోవడం మనకు కొత్తేం కాదు.

దీనికి ఆమె చెల్లించిన మూల్యం వేరే ఉంది. గొడవ మనిషి అనే ముద్ర పడింది. ప్రదర్శనలు పెట్టేవాళ్లు, గ్యాలరీల వాళ్లు ఏళ్ల తరబడి ఆమెను దూరం పెట్టారని ఆమె జీవితం రాసినవాళ్లు చెబుతారు. క్యాంపస్‌లో ప్రశ్నించిన విద్యార్థికి తర్వాత గైడు దొరకని సంగతి లాంటిదే ఇది. కాగితం మీద ఎక్కడా ఉండదు.

ఆ రోజుల్లోనే ఆమెకు హార్లెమ్ 135వ వీధి లైబ్రరీ పని ఇచ్చింది. నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఈ. బి. డుబోయిస్ తల, భుజాల వరకు శిల్పం చేయాలి. దాన్ని చూసినవాళ్లు ఇంకొన్ని పనులు ఇచ్చారు. మార్కస్ గార్వీ కూడా ఆమె ముందు కూర్చున్నాడు. డుబోయిస్ పేరు మనకు ఇంకోలా తెలుసు. 1946లో బాబాసాహెబ్ ఆయనకు ఉత్తరం రాశారు, ఐక్యరాజ్యసమితికి నల్లజాతి ప్రజలు పెట్టుకుంటున్న అర్జీ ప్రతి కావాలని. రెండు ఖండాల అణగారిన ప్రజల మధ్య నడిచిన ఉత్తరాల్లో అదొకటి. డుబోయిస్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకొని ఆయన నుదుటి ఎముకను మట్టిలో చేసింది అప్పటికింకా విద్యార్థినిగా ఉన్న అగస్టా.

1923లోనే గార్వీ ఉద్యమంలో పనిచేసే రాబర్ట్ లింకన్ పోస్టన్‌ను పెళ్లి చేసుకుంది. 1924లో లైబీరియా వెళ్లి తిరిగొస్తూ ఓడలోనే ఆయన చనిపోయాడు. పెళ్లయి ఏడాది కూడా నిండలేదు.

1925లో ఇంకో సీటు వచ్చింది. రోమ్‌లోని రాయల్ అకాడమీలో చదవడానికి స్కాలర్‌షిప్. ఫీజు ఉండదు, వస్తువులు ఇస్తారు. కానీ ఓడ చార్జీ, అక్కడ బతకడానికి ఖర్చు ఆమె చూసుకోవాలి. ఆమె అప్పుడు లాండ్రీలో పనిచేస్తోంది. ఆవిరి, ఇస్త్రీ, వారం కూలి. ఎంత కూడబెట్టినా ఆ డబ్బు పోగవలేదు. అలాగే నిలిచిపోయింది. మొదటిసారి రంగు అడ్డొచ్చింది, రెండోసారి డబ్బు అడ్డొచ్చింది. ఈ రెండూ వేరు వేరు అడ్డంకులని అనుకునేవాళ్లు అనుకోవచ్చు, మేం అనుకోవడం లేదు.

ఆ మధ్యలో ఇంటి బరువు కూడా ఆమె మీదే పడింది. తండ్రికి పక్షవాతం వచ్చింది. 1928లో ఫ్లోరిడాను ముంచిన తుపానులో ఇల్లు పోయింది. కుటుంబమంతా న్యూయార్క్ వచ్చి ఆమె చిన్న అపార్ట్‌మెంట్‌లోకి చేరింది. చిన్నప్పుడు బొమ్మలు చేసినందుకు కొట్టిన తండ్రికి ఇప్పుడు ఆ కూతురి సంపాదనే ఆధారం.

ఆ ఇరుకింట్లో ఉన్నప్పుడే ఆమె చేసిన చిన్న శిల్పం పేరు గామిన్. వీధుల్లో తిరిగే పిల్లవాడు అని అర్థం. నలిగిన టోపీ కొంచెం పక్కకు, చొక్కా గుండీలు విప్పి, తల ఓరగా వంచి చూసే నల్ల పిల్లవాడు. ఆమె మేనల్లుడే దీనికి కూర్చున్నాడని ఎక్కువ మంది చెబుతారు. అప్పటిదాకా అమెరికా బజార్లలో నల్లపిల్లల బొమ్మలంటే పెద్ద పెదవులు, ఉబ్బిన కళ్లు, ఎగతాళి. ఈ పిల్లవాడు ఎవరినీ నవ్వించడానికి కూర్చోలేదు. నాకు ఈ ఊరు తెలుసు, మీరూ తెలుసు అన్నట్టు చూస్తాడు. సాంఘిక సంక్షేమ హాస్టల్ మెట్ల మీద సాయంత్రం కూర్చున్న పిల్లల ముఖాల్లో ఆ చూపు మనం చూసే ఉంటాం.

గామిన్ చూసినవాళ్లు జూలియస్ రోజెన్‌వాల్డ్ నిధికి ఆమె పేరు పంపారు. 1929లో ఫెలోషిప్ వచ్చింది. మొదట ఏడాదికి 1,500 డాలర్లు అనుకున్నది 1,800 చేశారు. ఈసారి అందులో తిండికీ అద్దెకీ కూడా ఉంది. ప్రయాణానికి హార్లెమ్ జనం చందాలు వేసుకున్నారు. నల్లజాతి మహిళా సంఘాలు, టీచర్లు తమ జీతాల్లోంచి తలా కొంచెం ఇచ్చారు. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. ఫోంటెన్‌బ్లో కాదన్నాక ఆరేళ్లకు ఫ్రాన్స్ చేరింది.

పారిస్‌లో గ్రాండ్ షోమియేర్ అకాడమీలో పనిచేసింది. దాని పద్ధతే వేరు. ప్రవేశ పరీక్ష లేదు, పట్టా లేదు. గదిలో మోడల్ ఉంటుంది, డబ్బు కట్టి కూర్చొని పనిచేసుకోవాలి. ఫెలిక్స్ బెనెటో డెగ్రువా అనే శిల్పి దగ్గర నేర్చుకుంది. పారిస్ సలోన్‌లో ఆమె పని ప్రదర్శనకు వెళ్లింది. ఫెలోషిప్ రెండో ఏడాదికీ పొడిగించారు. తర్వాత కార్నెగీ సంస్థ ఇచ్చిన డబ్బుతో ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ తిరిగి చర్చిలూ మ్యూజియంలూ చూసింది. అక్కడ ఆమె చేసినవాటి గురించి చెప్పుకోవడానికి తక్కువే ఉంది. ఒక్కటి మాత్రం ఖాయం. సాయంత్రం తిండి ఎక్కడ అని ఆలోచించకుండా పొద్దున పనిలో కూర్చోగలిగిన ఏళ్లు ఆమె బతుకులో ఇవే.

తిరిగొచ్చేసరికి అమెరికాను మాంద్యం పట్టేసింది. శిల్పాలు కొనేవాడు లేడు. హార్లెమ్‌లో సగం మందికి పని లేనట్టే ఉంది. ఆమె తన స్టూడియో తలుపులు తెరిచింది. సావేజ్ స్టూడియో ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అని పేరు. పిల్లలు, పెద్దలు, ఎవరైనా రావచ్చు, డబ్బు ఇవ్వక్కర్లేదు. కిటికీలోంచి తొంగిచూసే పిల్లల్ని లోపలికి లాక్కొచ్చి చేతిలో మట్టి పెట్టేది. 1934లో దేశంలోని మహిళా చిత్రకారుల, శిల్పుల జాతీయ సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది, ఆ సంఘంలోకి వెళ్లిన మొదటి నల్లజాతి మనిషి ఆమే. అది గౌరవమే. కానీ ఆమె సమయమంతా ఆ మట్టిగదిలోనే గడిచింది.

ఆ గదిలోకి వచ్చినవాళ్లలో ఒకడు కెన్నెత్ క్లార్క్. తర్వాత ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త అయ్యాడు. భార్య మేమీ క్లార్క్‌తో కలిసి నల్ల బొమ్మ, తెల్ల బొమ్మ ఎదురుగా పెట్టి ఏది మంచిదో చెప్పమని పిల్లల్ని అడిగిన పరీక్ష వాళ్లదే. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆయన పరిశోధన ప్రస్తావన ఉంది.

ఇంకొకడు జేకబ్ లారెన్స్. 13 ఏళ్లప్పుడు హార్లెమ్ వచ్చాడు. తల్లి ఇళ్లలో పనిచేసేది. మంచి చెయ్యి ఉంది, డబ్బు లేదు. ఆ రోజుల్లో ప్రభుత్వం నిరుద్యోగ కళాకారులకు వారం జీతమిచ్చి పని చేయించే పథకం నడుపుతోంది. నల్లజాతి కళాకారులను అందులోకి తీసుకోవడం లేదని అగస్టా, మిగతావాళ్లు హార్లెమ్ ఆర్టిస్ట్స్ గిల్డ్ పెట్టుకొని కొట్లాడారు. లారెన్స్‌ను ఆమె స్వయంగా ఆఫీసుకు తీసుకెళ్లింది. వయసు చాలదు, 21 నిండాలన్నారు. తిరిగొచ్చారు. కుర్రాడు ఆ సంగతి వదిలేశాడు. ఏడాది తిరిగాక అతనికి 21 నిండాయని ఆమెకు గుర్తుంది. మళ్లీ వెంటబెట్టుకొని అదే ఆఫీసుకు వెళ్లింది. ఈసారి పేరు ఎక్కింది. వారానికి 23 డాలర్ల 86 సెంట్లు. బొమ్మలు వేయడమే ఉద్యోగం. రెండు మూడేళ్లకు లారెన్స్, దక్షిణాది నుంచి ఉత్తరాదికి వలస వచ్చిన నల్లజాతి జనం కథను 60 చిన్న పలకల మీద వేశాడు. ఇవాళ అందులో సగం న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో, సగం వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్‌లో ఉన్నాయి. అతను పెళ్లి చేసుకున్న చిత్రకారిణి గ్వెండొలిన్ నైట్ కూడా అగస్టా శిష్యురాలే.

ఒక పిల్లవాడి పుట్టినరోజు గుర్తుపెట్టుకొని, రెండోసారి ఆఫీసు మెట్లెక్కే టీచరు. అప్లికేషన్ తిరస్కరిస్తే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే అలా గుర్తుపెట్టుకుంటారేమో. మనకూ అలాంటివాళ్లున్నారు. స్కాలర్‌షిప్ ఫారం చివరి తేదీ మనకంటే ముందు గుర్తున్న సీనియర్లు, కుల ధ్రువీకరణ పత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ మనతో తిరిగిన సారులు, హాస్టల్ వార్డెన్లు. వాళ్ల పేర్లు ఏ కేటలాగులోనూ ఉండవు.

1937 చివర్లో ప్రభుత్వ పథకం కింద హార్లెమ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ మొదలైంది. దాని మొదటి డైరెక్టరు అగస్టా. ప్రారంభానికి అధ్యక్షుడి భార్య ఎలీనర్ రూజ్‌వెల్ట్ వచ్చింది. చిత్రలేఖనం, శిల్పం, అచ్చు, నేత, కుండల పని, అన్నీ ఉచితం. 1,500 మందికి పైగా చేరారు. కూపర్ యూనియన్ తనకు ఫీజు లేని చదువు ఇచ్చింది. ఆమె హార్లెమ్ మొత్తానికి అది ఇచ్చింది.

అదే సమయంలో 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం శిల్పం చేయమని అడిగారు. అలా అడిగిన శిల్పుల్లో నల్లజాతి స్త్రీ ఆమె ఒక్కతే. జేమ్స్ వెల్డన్ జాన్సన్ రాసిన పాట ఒకటుంది, నల్లజాతి జాతీయగీతంగా జనం పాడుకునేది. దాన్ని తీసుకొని ఆమె 16 అడుగుల వీణ చేసింది, వాళ్ల భాషలో హార్ప్. దాని తీగలు మనుషులు. పొడవాటి నిలువు మడతల అంగీలు వేసుకొని వరసగా నిలబడి పాడుతున్న పన్నెండు మంది నల్లజాతి గాయకులు. కింద వాళ్లందరినీ మోస్తున్న దేవుడి చెయ్యి. ముందు మోకాళ్ల మీద కూర్చొని పాటను చేతుల్లో పట్టుకొని అందిస్తున్న యువకుడు. విగ్రహం పాపమన్న పాస్టరు కూతురు చేసిన పని ఇది. దాని ముందు జనం నిలబడి ఫొటోలు దిగారు. పోస్టుకార్డులు, చిన్న లోహపు నమూనాలు అమ్ముడయ్యాయి.

కానీ అది ప్లాస్టర్. కంచు పోత పోయించడానికి ఆమె దగ్గర డబ్బు లేదు. తీసుకెళ్లి దాచడానికి చోటు లేదు, అద్దె కట్టే స్తోమత లేదు. ప్రదర్శన ముగిశాక మిగతా కట్టడాలతో పాటు యంత్రాలతో కూల్చేశారు. శిల్పం కోసం సెలవు పెట్టిన ఆమె ఆర్ట్ సెంటర్‌కు తిరిగి వెళ్లేసరికి డైరెక్టరు కుర్చీలో వేరేవాళ్లున్నారు. నల్లజాతి కళాకారుల కోసం హార్లెమ్‌లో సొంత గ్యాలరీ పెట్టింది. చూడటానికి వచ్చారు, కొనేవాళ్లు లేరు. కొద్ది కాలానికే మూతపడింది.

1940ల మధ్యలో ఆమె న్యూయార్క్ వదిలి ఉత్తరాన సాగర్టీస్ అనే చిన్న ఊరి పక్క పొలాల్లోకి వెళ్లిపోయింది. కోళ్లు పెంచింది, కూరగాయలు పండించింది. ఒక ప్రయోగశాలలో జంతువులకు మేత వేసే పని చేసింది. ఆ యజమాని ఆమె ఎవరో తెలిసి మట్టి తెచ్చిచ్చాడు. ఊళ్లోవాళ్లవి కొన్ని తలలు చేసింది. వేసవిలో పిల్లల శిబిరాల్లో మట్టిబొమ్మలు నేర్పింది, వెస్ట్ పామ్ బీచ్ స్కూల్లో రోజుకు డాలరు తీసుకొని నేర్పినట్టే. ఆరోగ్యం పాడయ్యాక న్యూయార్క్‌లో కూతురు ఐరీన్ దగ్గరికి వెళ్లింది. 1962 మార్చిలో చనిపోయింది. అప్పటికి లోకం ఆమెను దాదాపు మర్చిపోయింది. సాగర్టీస్‌లో ఆమె ఉన్న ఇల్లు 2001లో అమెరికా చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. హార్ప్ చిన్న నమూనాలు ఇప్పటికీ అక్కడక్కడా వేలంలోకి వస్తుంటాయి.